మడత కింద ఊళ్లు

హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి ఆకాశంలో ఐదు వందల కిలోమీటర్లు. విమానంలో గంటా పావు. నేను టైంటేబుల్ రాసేదాన్ని కాబట్టి ఆ గంటా పావుని నా చేత్తోనే కొట్టేసి, దాని పక్కన తొమ్మిది నిమిషాలని రాశాను. ఆ రోజు ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచారు. మా అక్క ఒక్కతే తినలేదు. ఆవిడకి తీపి పడదు. అంతకు మించి అందులో వెతకాల్సిన అర్థమేమీ లేదు, ఆ రోజు అక్క కూడా అందరిలాగే సంతోషంగా ఉంది.

అక్క పేరు మందాకిని. మడత కనిపెట్టింది అక్కే. దాన్ని విమానాలకి పనికొచ్చేలా చేసింది మా బావ కేదార్. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో పరిచయమయ్యారు, పెళ్లి మాటలు అక్కడే మాట్లాడుకున్నారు, ఇప్పటికీ పోట్లాడుకునేది కూడా అక్కడే. ఇంటికొస్తే మాత్రం బుద్ధిమంతుల్లా కూరలు తరుక్కుంటూ ఉంటారు.

ఒక ఆదివారం వాళ్లింట్లో ఆరిన చీరలు తీస్తూ, అసలు మీరు చేసేదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమని అడిగాను. అక్క చీర ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని దూరంగా నిలబడింది. నువ్వు హైదరాబాదు, నేను విశాఖపట్నం అంది. నడుచుకుంటూ వచ్చి తన కొసని నా కొసతో కలిపింది. ఇప్పుడు మనిద్దరి మధ్య దూరమెంత అని అడిగితే, లేదన్నాను. చీర పొట్టిదైపోయిందా అంటే అదీ కాలేదు. మధ్యలో గుడ్డంతా కిందికి జారి నేల తుడుస్తోంది.

"ఆ జారినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలిస్తే మా పని అయిపోయినట్టే," అన్నాడు బావ సోఫాలోంచి. చాలా మామూలుగా అన్నాడు. నేను చీర మడతపెట్టి బీరువాలో పెట్టేశాను.

మొదట్లో జారిన దూరం ప్రయోగశాల వరండాలోనే పడేది. టీ తెచ్చే నరసయ్య వరండా ఆ చివర ట్రేతో కనిపించేవాడు. మా వైపే నడుస్తూ ఉండేవాడు. ఎంతకీ వచ్చేవాడు కాదు. మడత చూపుకి అంటదు, మాటకి అంటదు, కాళ్లకీ చక్రాలకీ మాత్రమే అంటుతుంది. అందుకని నరసయ్య అందరికీ కనిపిస్తూనే, మాతో కబుర్లు చెబుతూనే, టీ పూర్తిగా చల్లారాక చేరేవాడు. మేం కడుపుబ్బా నవ్వేవాళ్లం. మడత విప్పాక వరండా మెల్లమెల్లగా తన దూరాన్ని లాక్కుని, సాయంత్రానికల్లా మామూలు వరండా అయిపోయేది.

విమానాలు వదిలే దూరం వరండాలో పట్టేది కాదు. అది రెండు నగరాల మధ్య గీతకి సరిగ్గా కిందే ఎక్కడో ఒకచోట జారాలి. పక్కకి నెట్టడం కుదరదు కాబట్టి సముద్రంలో పారేసే ఉపాయం లేదు. బావ పెద్ద మ్యాపు ఒకటి తెప్పించి గోడకి అతికించాడు. గీత కింద పట్నాలు, పొలాలు, రైలు పట్టాలు, గనులు. కొండలు మొదలయ్యే చోట మాత్రం ఒక ఆకుపచ్చ మచ్చ ఉంది. దాని మీద ఒక్క పేరూ లేదు.

మ్యాపులో పేరుండాలంటే ఆ ఊరు రెవెన్యూ లెక్కల్లో ఉండాలి. అడవి నరుక్కుని, పోడు చేసుకుని, ఏ కాగితమూ లేకుండా బతికేవాళ్ల ఊళ్లకి మ్యాపులో చోటుండదు. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. అందరం పేర్లున్న ఊళ్లలో పుట్టినవాళ్లమే. పేరు లేదంటే మనుషులు లేరనుకున్నాం. అక్క పెన్సిలు తీసుకుని ఆ మచ్చ చుట్టూ గీత గీసింది. ఇక్కడైతే ఎవరికీ అడ్డం ఉండదు అంది.

ప్రయోగాత్మకంగా రోజుకి నాలుగైదు విమానాలు మొదలయ్యాయి. జనం ఎగబడ్డారు. విశాఖలో ఉన్న కోడలు వండిన చేపల పులుసుని హైదరాబాదులో మావగారు వేడివేడిగా తింటున్న ఫొటో పేపర్లో వేశారు. ఇంటి నుంచి విమానాశ్రయానికి చేరడానికి రెండు గంటలు పడుతోందని, ఆ దూరం కూడా మడత పెట్టరాదా అని మమ్మల్ని ఆట పట్టించేవాళ్లు. ప్రకటనల మీద వేసిన ఫోను నంబరు నా బల్ల మీదే మోగేది. కిటికీ పక్క సీటు కావాలని, తొమ్మిది నిమిషాల్లో టిఫిను పెట్టలేదని, ఇవీ ఫిర్యాదులు.

ఒక మధ్యాహ్నం వేరే రకం ఫోనొచ్చింది. తను ఆశా వర్కరు రాజులమ్మనని, వెదుళ్లగుంపు నుంచి మాట్లాడుతున్నానని చెప్పిందావిడ. ఈ విమానాలు మీవేనా అని అడిగింది. మావేనన్నాను.

"మీ ఇమానం పోయినప్పుడల్లా మా దోవ పెరగతందమ్మా," అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. మిగతాది వింటూ కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. గుంపు అంటే కొండ మీద వాళ్ల ఊరట. అక్కడి నుంచి కొండ దిగువ ఆసుపత్రికి ఒక పూట నడకట. రోడ్డు లేదు. నొప్పులొచ్చిన ఆడవాళ్లనీ, జ్వరం ముదిరినవాళ్లనీ కర్రకి దుప్పటి కట్టి, డోలీలో మోసుకుపోతారట. ఇప్పుడు తెల్లారుతూనే బయల్దేరినా పొద్దుగూకితే గాని చేరడం లేదట. మొన్న పాము కరిచిన పిల్లని తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట. ఆ ముక్క చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతు పెంచలేదు.

"ఆసుపత్రి రేకులు కళ్లకి అవుపడతానే ఉంటాయి. ఎంత నడిసినా దగ్గరికి రావు," అంది.

ఆ మాటని నేను భోజనాల దగ్గర అక్కకి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. బావ కూడా తలెత్తాడు. ఇద్దరికీ ఒకేసారి నరసయ్యే గుర్తొచ్చి ఉంటాడు, నాకూ వాడే గుర్తొచ్చాడు.

బావ చెడ్డవాడు కాదు. మర్నాడే సంబంధిత ఆఫీసుకి ఫోను చేసి, ఆ ప్రాంతంలో ఊళ్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. రికార్డుల ప్రకారం ఏమీ లేవని జవాబొచ్చింది. ఆ జవాబు అబద్ధం కూడా కాదు. అది పట్టుకుని, ఎవరో గిట్టనివాళ్లు చేయించిన ఫోనై ఉంటుందన్నాడు. ఆ వారంలోనే పూర్తి సర్వీసు ప్రారంభం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది నిమిషాలకో విమానం. మొదటి వాటిలో ఎక్కడానికి పెద్దపెద్దవాళ్లంతా వస్తున్నారు. అది అయ్యాక తీరిగ్గా మనిషిని పంపించి చూపిద్దామన్నాడు.

అక్క అతనితో వాదించలేదు. కాన్వాసు బూట్లు ఎక్కడ పెట్టావని మాత్రం అడిగింది.

జీపులో రాత్రికి ఆసుపత్రి చేరి, మర్నాడు తెల్లారుతూనే రాజులమ్మతో కలిసి కాలినడకన బయల్దేరింది. చీకటి పడేలోపు గుంపు చేరి ఫోను చేసింది. అరవై ఇళ్లకి పైగా ఉన్నాయట. రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి తాతల నాడు వచ్చి, అడవి కొట్టుకుని ఉండిపోయినవాళ్లట. కోళ్లున్నాయి, చింతచెట్లున్నాయి, వెదురు తడికలతో కట్టిన బడి కూడా ఉందట. "నేను పెన్సిలుతో గీసిన గీత మధ్యలో కూచుని మాట్లాడుతున్నానే," అంది. ఆ గొంతు ఇంతకు ముందెప్పుడూ వినలేదు నేను.

ప్రారంభం వాయిదా వెయ్యమని బావని అడిగింది. ఆహ్వానాలన్నీ వెళ్లిపోయాయి, ఇప్పుడు నా చేతుల్లో లేదు, వచ్చే వారం నుంచి తగ్గిస్తాను అన్నాడు బావ. నువ్వు ముందు వెనక్కి వచ్చేయ్ అన్నాడు. గుంపులో కోసి అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని, తెల్లారగానే డోలీ కడుతున్నారని, తను కూడా వాళ్లతోనే దిగుతానని చెప్పి అక్క ఫోను పెట్టేసింది.

ప్రారంభం రోజు మడతలు వేసే మా కేంద్రమంతా బంతిపూలే. సన్నాయి వాయిస్తున్నారు. నేను కొత్త పట్టుచీర కట్టుకుని, మైకులో విమానాల వేళలు చదువుతున్నాను. ఒకటి లేవగానే పెద్ద తెర మీద చుక్క కదిలేది, మీట దగ్గర కూచున్న బావ మడత వేసేవాడు, నిమిషాల్లో ఆ చుక్క విశాఖలో తేలేది. తేలిన ప్రతిసారీ చప్పట్లు. మూడో చప్పట్లకో నాలుగో చప్పట్లకో నా ఫోను మోగింది.

అక్క రొప్పుతోంది. తెల్లవారిన దగ్గర్నుంచీ నడుస్తున్నామని, ఆసుపత్రి రేకులు బయల్దేరినప్పుడు ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయని చెప్పింది. ముందున్న మద్దిచెట్టు దగ్గరికి చేరేసరికి డోలీ మోసేవాళ్లు మూడుసార్లు భుజాలు మార్చుకున్నారట. మాట్లాడుతుండగానే మధ్యలో ఆగింది. పైన విమానం పోతున్న చప్పుడు నాకూ వినిపించింది.

"ఇదిగో, ఇంకొకటి. కేదార్‌కి ఇవ్వు ఫోను."

ఫోను చెవికి ఆనించుకుని బావ చాలాసేపు విన్నాడు. లోపల కూచున్న పెద్దల వైపు చూశాడు. ఈ రెండూ వెళ్లిపోనీ, ఆపేస్తాను అన్నాడు. ఆ రెండూ వెళ్లాక, మొదటి విమానంలో వెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణానికి ఎక్కేశారని తెలిసింది. వాళ్లు దిగేదాకా అన్నాడు. వాళ్లు దిగేసరికి టీవీవాళ్లు వచ్చి కూచున్నారు. నేను మైకులో వేళలు చదువుతూనే ఉన్నాను. గొంతు బానే పలికింది.

మధ్యాహ్నం ఆసుపత్రి డాక్టరు ఫోను చేశాడు. కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. వరండాలో నిలబడితే డోలీ కనిపిస్తోందని, మోసేవాళ్ల కాళ్లు కదులుతుండటం కూడా తెలుస్తోందని, నీళ్లిచ్చి ఇద్దరిని ఎదురు పంపితే వాళ్లూ ఆ దారిలో చిక్కుకుని అలాగే నడుస్తున్నారని చెప్పాడు. సార్, వాళ్లని నేను చూస్తూ కూచోవాలా అని అడిగాడు. బావ ఫోను నా చేతికిచ్చేసి మళ్లీ మీట దగ్గరికి వెళ్లాడు.

సాయంత్రం అవుతుండగా అక్క మళ్లీ చేసింది. నేనిక ఫోను స్పీకరులో పెట్టేశాను.

"ఆపావా కేదార్?"

"ఈ ఒక్కటీ అయ్యాక..."

"ఇప్పుడిక తొందరేం లేదులే," అంది అక్క. "కోసి పోయింది. పిల్లాడు బతికాడు."

బావ అప్పుడు ఆపాడు. ఆకాశంలోకి లేవబోతున్న విమానాన్ని నేల మీదే నిలబెట్టి, మీట తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సన్నాయివాళ్లు ఇంకా వాయిస్తూనే ఉన్నారు, వాళ్లకెవరూ చెప్పలేదు.

దారి రాత్రికి సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. ఒక్కరోజులో అంత బరువు పడేసరికి ఆ నేల సాగిపోయింది. నాసిరకం ఎలాస్టిక్ సాగిపోతే మళ్లీ దగ్గరికి రానట్టే, జారిన దూరమంతా ఆ అడవిలోనే ఉండిపోయింది. బావ రాత్రంతా లెక్కలు వేసి, తెల్లారి నాకు సంగతి చెప్పాడు. అక్క ఉన్నచోటి నుంచి ఆసుపత్రికి నడిస్తే నెలలు పడుతుంది. వెనక్కి గుంపుకి వెళ్లాలన్నా అంతే. వాళ్ల దగ్గరున్నది ఓ మూట బియ్యం, నాలుగు సీసాల నీళ్లు.

ఇద్దరం కారులో బయల్దేరాం. విమానాల్లేవు కాబట్టి దారి ఎంత పొడుగో అంతా మా ఒళ్లకి తెలిసింది. ఆసుపత్రి వరండాలోకి వెళ్లి చూస్తే, ఎదురుగా వాలు మీద అక్క కనిపించింది. నీలం చీర కొంగు తల మీద కప్పుకుంది. పక్కన రాజులమ్మ, ఆమె చేతుల్లో గుడ్డలో చుట్టిన పిల్లాడు. వెనకాల డోలీ. కేకేస్తే వినపడేంత దగ్గరనిపించి నేను కేకేశాను కూడా. అక్క చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూసి నేను వరండా గట్టు మీద కూలబడి ఏడ్చాను.

పిల్లాడికి గంజినీళ్లు గుడ్డ తడిపి పట్టిస్తున్నారని ఫోనులో చెప్పింది. దారిలో దాటిన వాగు వెనకబడిపోయిందట, నీళ్లు ఇంకో పూటకి వస్తాయట. బావ తనకి తోచిన దారి అప్పుడు నాకు చెప్పాడు. అక్కకీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరాన్ని మడత పెట్టవచ్చు. హైదరాబాదులో మీట దగ్గర ఉన్నవాళ్లకి తాళం ఇచ్చే వచ్చాడు, ఇక్కడి నుంచి ఫోనులో కొలతలు చెబితే చాలు. నాలుగు నిమిషాల్లో అక్క ఈ వరండాలో ఉంటుంది. కాని ఆ జారిందాన్ని మళ్లీ ఎక్కడో ఒకచోట పడెయ్యాలి. అదీ హైదరాబాదు, విశాఖల మధ్య గీత కిందే.

ఈసారి బావ మ్యాపుని నమ్మలేదు. డాక్టరునీ, నర్సునీ కూచోబెట్టుకుని, చుట్టుపక్కల ఏ కొండ మీద ఏ గుంపు ఉందో అడిగి పెన్సిలుతో రాసుకున్నాడు. వాళ్లు చెబుతూ పోయారు. ఆకుపచ్చ మచ్చ మీద ఒకదాని పక్కన ఒకటి పేర్లు పడుతూనే ఉన్నాయి. ఖాళీ చోటంటూ ఎక్కడా కనిపించలేదు.

"వీటిలో అన్నిటికన్నా చిన్నదేది?" అని అడిగాడు బావ.

డాక్టరు లేచి లోపలికి వెళ్లిపోయాడు. నర్సు పాలమానుగుంపని చెప్పింది. పన్నెండిళ్లు ఉంటాయంది.

అక్కని అడుగుదామా అన్నాను నేను. అడిగితే వద్దంటుంది అన్నాడు. నిజమే, అంటుంది. నేను మళ్లీ ఆ మాటెత్తలేదు. నాకు మా అక్క కావాలి, ఆ పూట నాకు ఇంకే న్యాయమూ పట్టలేదు. పాలమానుగుంపుకి కబురు చెప్పి, జనాన్ని కిందికి దింపమని ఒక మనిషిని పంపించాం. అతను సగం దారైనా వెళ్లకముందే రాజులమ్మ ఫోను చేసి, పిల్లాడు ఏడవడం మానేశాడని చెప్పింది. బావ హైదరాబాదుకి ఫోను చేసి కొలతలు చదివాడు.

ఎదురు పంపిన ఇద్దరితో సహా వాళ్లు మామూలుగా నడిచి వచ్చేశారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లలా కాకుండా, పక్కవీధిలోంచి వచ్చినట్టు వచ్చారు. డాక్టరు పిల్లాడిని అందుకుని లోపలికి పరుగెత్తాడు. డోలీ మోస్తున్న వాళ్లలో ముందున్నవాడు కోసి మొగుడు. కర్రని భుజం మీంచి దించమంటే దించలేదు. ఎవరో నెమ్మదిగా చెయ్యివేసి దింపించారు. అక్క మడమలు పగిలి నెత్తురు కారుతోంది. తన ఫోనూ, రాజులమ్మ ఫోనూ చచ్చిపోయాయంటూ గోడకున్న ప్లగ్గుల్లో పెట్టి, చెంబెడు నీళ్లు తాగింది. నేను వాటేసుకుంటే, వీపు నిమిరింది. తర్వాత వెనక్కి తిరిగి తను వచ్చిన దారిని చూసింది. ఆ దారి అంత పొట్టిగా ఉండటం ఆవిడకి క్షణంలో అర్థమైంది. మడత కనిపెట్టింది ఆవిడే కదా.

"ఎక్కడ వేశావు?" అని అడిగింది.

బావ చెప్పాడు. రాజులమ్మ గోడకి చేరగిలబడి కూచుంది. అక్కడ మా మేనత్తోళ్లున్నారు అంది, ఎవరితోనూ కాకుండా.

"పన్నెండిళ్లే మందా," అన్నాడు బావ. "పిల్లాడు చచ్చిపోయేవాడు. నువ్వూ..."

"మొదటిసారి మనకి తెలియదు, కేదార్," అంది అక్క.

అక్క లోపలికి వెళ్లి, మందుల సంచీ ఒకటి, బియ్యం, నీళ్ల సీసాలు తెచ్చుకుంది. కాళ్లకి కట్టు కట్టించుకుంది. నేను అడ్డం నిలబడ్డాను, కాళ్లు పట్టుకున్నాను, అమ్మ మీద ఒట్టేశాను. అక్కకి కోపం రాలేదు. నన్ను లేవదీసి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. అక్కడి వాళ్లకి దారి ఎందుకు పెరిగిందో ఎవరో ఒకళ్లు చెప్పాలట. రోగాలొస్తే చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలట. ఇంకో కారణం కూడా ఉందంది. అది చెప్పేటప్పుడు బావ వైపు చూసింది.

"నేను అక్కడుంటే నువ్వింక ఒక్క విమానం కూడా ఎగరనివ్వవు."

ఎగరనివ్వనని బావ తలూపాడు. ఏడుస్తున్నాడు. రాజులమ్మ లేచి, పైట నడుముకి చుట్టుకుని, అక్క వెనకాలే నడిచింది. ఇద్దరూ ఆసుపత్రి వెనక దారిన పాలమానుగుంపు వైపు బయల్దేరారు. ఆ దారిలో వాగు దాటితే ఇక అంతా జారిన దూరమే. బావ మెట్ల మీదే కూచుండిపోయాడు.

కాసేపటికి నా ఫోను మోగింది. కేంద్రం నుంచి. కొత్తచోటు జారిన దూరాన్ని బ్రహ్మాండంగా పట్టుకుందని, ఎక్కడా సాగినట్టు లేదని, రేపు పొద్దున ఆరింటి నుంచి సర్వీసు మళ్లీ మొదలుపెట్టమని పైనుంచి చెప్పారని, టైంటేబుల్ పంపించమని అడిగారు. బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. మొదలుపెట్టడానికి వీల్లేదన్నాడు. అక్కడ మనుషులున్నారన్నాడు. మా ఆవిడ ఉందన్నాడు. తను వచ్చేదాకా మీట ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగానే చెప్పాడు.

అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. మీరు రానక్కర్లేదు సార్, తాళం మీరే ఇచ్చి వెళ్లారుగా, కొలతలు కూడా ఇందాక మీరు చెప్పినవే ఉన్నాయి అంది.

అక్కని వెనక్కి పిలుద్దామని నా వేళ్లు ఆవిడ నంబరు నొక్కేశాయి. గోడ దగ్గర ప్లగ్గులో ఉన్న అక్క ఫోను మోగింది, పక్కనే రాజులమ్మది కూడా ఉంది. మేం ఇద్దరం దారి దాకా పరుగెత్తుకెళ్లి పేరు పెట్టి పిలిచాం. అక్క అప్పటికే వాగు దాటేసింది.